ఎడమ కాలి అంచు

“ఫొటోలు తీసిండ్రు, మల్ల తీసిండ్రు. ఇప్పుడేమో కంప్యూటర్ల బొమ్మలాట. ఆపరేషన్ ఎన్నడు చేస్తవు సాబ్?” చెన్నయ్య కసిరాడు.

శంషాబాద్ దవాఖానలో తెర మీద అతని తుంటి ఎముకలున్నాయి. అరిగిన కీలు స్థానంలో డాక్టరు కొత్తది అమర్చి చూపించాడు.

“కోసే ముందే ఇలా సరిచూసుకుంటామండీ. మీ ఎడమ కాలు చిన్నప్పటి నుంచీ బొటనవేలి మందం పొట్టి. రెండూ సమానం చేసేస్తాను.”

“నాకు తెల్వకుంట నా కాలు పొట్టిదా? నా పాంట్ల అంచులు నా పెండ్లామే కుట్టేది. గట్లుంటే లింగమ్మ చెప్పకపోవునా?”

కూతురు సరిత వంగి, అతను వేసుకున్న, తల్లి కుట్టిన పాత పాంటు అంచులు రెండూ తిరగేసింది. ఎడమది ఎక్కువ మడిచి ఉంది.

“బాపూ, అమ్మ పోయినంక దర్జీ కుట్టిన పాంట్లన్ని ఎడమ దిక్కు నేలకు రాస్తున్నయని వాణ్ని తిడ్తవు గదా. వాడు రెండు కాళ్లు సమానం కుడుతుండు.”

పైన విమానం చప్పుడు తగ్గేదాకా చెన్నయ్య ఆ కుట్టును తడుముతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ లింగమ్మ ఒక్క మాట చెప్పలేదు.

“సమానం చేసేయమంటారా?” డాక్టరు అడిగాడు.

“కీలు మార్చు సాబ్. పొట్టి మాత్రం గట్లనే ఉండనియ్యి. ఆమె కుట్టిన పాంట్లు ఇంక నాలుగున్నయి.”