గురువారం గడులు

ఫ్రిజ్ తలుపు మీద దెబోరా నడుం నొప్పి ఆరు వారాలుగా వేలాడుతోంది.

ఎర్ర గడి అంటే బాగా నొప్పి. పసుపు అంటే ఓర్చుకోదగ్గ నొప్పి. పచ్చ అంటే దాదాపు లేనట్టే.

రంగులన్నీ షాలేం రాజు వేసినవే. ఆఫీసులో పదిహేనేళ్లుగా ఇలాంటి పట్టికలు గీసి చెయ్యి తిరిగినవాడు, సొంత పెళ్లాం నడుం దగ్గర వెనక్కి తగ్గుతాడా?

రాసుకురమ్మని చెప్పింది మాత్రం డాక్టరే.

"స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదు. ఒక్కొక్కరి నడుం ఒక్కో తీరు. ఏ రోజు పెరుగుతోంది, ఏ రోజు తగ్గుతోంది చూడండి. ఇంజెక్షనా, ఎక్సర్‌సైజా, నొప్పి భయం పోగొట్టే కౌన్సెలింగా, దాన్ని బట్టి ఎంచుకుందాం."

షాలేం అప్పుడే ఎంచేసుకున్నాడు. ఎక్సర్‌సైజ్ అంటే వంగాలి, బరువులెత్తాలి. ఆమెకి నొప్పి మొదలైన రెండేళ్ల నుంచీ ఆ రెండూ అతని ఇంట్లో నిషేధం. సోమవారానికి ఇంజెక్షన్ బుక్ చేశాడు.

దెబోరాకి సూది అంటేనే హడలు. ఇది వెన్నులోకట.

"నాకు భయంగా ఉందండీ."

"నువ్వు కూర్చో. నేను చూసుకుంటాగా."

ఆ మాట అతను రోజుకి ఎన్నిసార్లు అంటాడో రాయడానికి పట్టికలో గడి లేదు. బట్టల బుట్ట ముట్టుకుంటే ఆ మాట. కింద పడ్డ చెంచా తీయబోతే ఆ మాట. డిష్‌వాషర్ వైపు చూసినా ఆ మాటే. ఇంటి నుంచే పని కాబట్టి పక్క గదిలోంచి కూడా కనిపెట్టి అంటాడు.

అంత ప్రేమగా చూసుకునే మనిషిని కాదనడానికి ఆమెకి నోరు రాదు.

అంతా బాగానే ఉంది గానీ, గురువారం గడులే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఆరు గురువారాలు. ఆరూ పచ్చనే.

"గురువారం ఏం తింటున్నావ్?"

"బుధవారం మిగిలిన పప్పు."

"చెప్పులు ఏవి?"

"అవేనండీ, ఇంకేం చెప్పులున్నాయి నాకు?"

పరుపు అదే, కుర్చీ అదే. ఏ రోజు వాన పడిందో కూడా సరిచూశాడు. తేడా ఒక్కటే. గురువారం అతను ఆఫీస్‌కి వెళ్తాడు. దానికీ నడుముకీ ఏం సంబంధమని ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

"గురువారం ప్రేయర్ ఉంటుందిగా" అంది దెబోరా, బెండకాయలు తరుగుతూ, అతని వైపు చూడకుండా.

షాలేం ఆలోచనలో పడ్డాడు. విశ్వాసం ఉన్నవాడే. దేవుడు ముట్టి బాగుచేశాడంటే కాదనడు. కానీ ఆదివారం ఆరాధన మూడు గంటలు. తనే పక్కన కూర్చుని, పావుగంటకోసారి ఆమె వెనక మెత్త సర్దుతూ ఉంటాడు. ఆదివారాలేమో ఎర్రగా మండిపోతున్నాయి.

దేవుడికి గురువారమే తీరిక దొరుకుతోందా?

ఇంజెక్షన్‌కి ముందు వచ్చిన ఆఖరి గురువారం, ఆఫీస్ నుంచి మూడింటికే బయల్దేరాడు. సంగతేమిటో తెలుసుకుంటే గానీ అన్నం సహించేలా లేదు.

అమెరికాలో వాళ్లుండే షాంటిలీలో తెలుగు చర్చికి సొంత భవనం లేదు, అద్దె హాలే. ప్రేయర్‌కి ముందు గోడవారనున్న మడత కుర్చీలు తెచ్చి వెయ్యాలి, అయ్యాక మళ్లీ మడిచి పెట్టాలి. అరవై కుర్చీలు. అవి ఎవరు వేస్తారో షాలేం ఎప్పుడూ అడగలేదు.

తలుపు అద్దంలోంచి లోపలికి చూశాడు.

దెబోరా. చంకకొకటి చొప్పున రెండు ఇనప కుర్చీలు.

తల మీద ఉండాల్సిన చున్నీ నడుముకి బిగించింది. వంగి ఒక కుర్చీ విప్పింది. ఇంకోటి విప్పింది. వడివడిగా వెనక్కి వెళ్లి మరో రెండు ఎత్తింది. పక్కనే ఉన్న చర్చి స్నేహితురాలు పర్సిస్ ఏదో అంటే, వంగిపోయి మరీ నవ్వింది.

ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. తనకి వచ్చింది కోపం అనుకున్నాడు షాలేం ముందు. తీరా చూస్తే దుఃఖం.

తలుపు తోశాడు.

దెబోరా అతన్ని చూసింది. కుర్చీలు కింద పెట్టేసింది. కుడి చెయ్యి దానంతటదే నడుం మీదకి వెళ్లింది. ముఖం ముడుచుకుంది.

అది నిజం నొప్పే. ఆరు వారాలుగా ఆ ముఖం చూసే కదా రంగులు వేస్తున్నాడు.

"వందనాలు బ్రదర్" అంది పర్సిస్. "కుర్చీలన్నీ సిస్టరే వేస్తారు. వద్దన్నా ఊరుకోరు."

దెబోరా తల వంచుకుంది.

'నువ్వు కూర్చో' అన్న మాట షాలేం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఇవి మోస్తుంటే నొప్పి రావట్లేదా?"

ఇన్నాళ్లూ ఆమెని ఎవరూ అడగని ప్రశ్న.

"ఇప్పటిదాకా లేదండీ. మీరు వచ్చేదాకా..." అనేసి నాలుక కరుచుకుంది.

షాలేం దగ్గరికొచ్చాడు. ఆమె కింద పెట్టిన కుర్చీ ఒకటి తీసుకున్నాడు. విప్పాడు. దాంట్లో తనే కూర్చున్నాడు.

"మరి సోమవారం?" అంది దెబోరా.

"డాక్టర్‌కి ఫోన్ చేస్తా. ఏది కావాలో నువ్వే చెప్పు ఆవిడకి. ఇంకా ఎన్ని వెయ్యాలి?"

"నలభై."

"వెయ్యి. నేను కూర్చుంటా."

ఆమె నమ్మలేనట్టు చూసింది. మెల్లగా గోడ దగ్గరికి నడిచింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వంగింది.

షాలేం రాజు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గట్టిగా కూర్చున్నాడు.