చీజ్‌లో మాత్ర

"దానికి చీజ్ పెట్టకండమ్మా!"

రోడ్డు అవతలి నుంచి కేక వినిపించింది.

గుమ్మంలో కుక్కకు మాత్ర పెట్టిన చీజ్ ముక్క అందిస్తున్న టైలరమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. ఎవరో పెద్దాయన. ఇటువైపు మాత్రం అడుగు వెయ్యడం లేదు.

"ఎందుకండీ?"

"అందులో ఉప్పెక్కువమ్మా. దాని గుండెకు మంచిది కాదు."

లోపలి నుంచి మొగుడు వచ్చాడు.

"మన కుక్కకు గుండె జబ్బని ఈయనకెవరు చెప్పారే?"

"మీరే వీధంతా టముకు వేశారుగా!"

"ఏమయ్యా పెద్దమనిషీ! మా కుక్క, మా చీజ్. మధ్యలో నీకేంటి?"

కుక్క గొలుసు తెంపుకునేలా రోడ్డువైపు లాగుతూ ఒకటే అరుపు.

"చూశావా? దానిక్కూడా నువ్వంటే గిట్టడం లేదు. ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే బాగుండదు!"

పెద్దాయన చేతులు జోడించాడు.

"చీజ్ ఒక్కటి మాన్పించండి బాబూ."

వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు.

టైలరమ్మ మాత్రం ఏం చేస్తుంది పాపం! మాత్ర ఉత్తినే పెడితే కుక్క ఉమ్మేస్తుంది. అన్నంలో దాస్తే అన్నం తినేసి మాత్రను గిన్నెలో వదిలేస్తుంది. ఉప్పునీళ్లలో ఊరిన తెల్ల చీజ్‌లో పెడితేనే గుటుక్కున మింగుతుంది. అందుకే పూటకో ముక్క.

కొన్నాళ్లకు కుక్క పొట్ట ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడదు, లేస్తే కాళ్లు నిలవవు. మొగుడూ పెళ్లాలు ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

"మాత్రలు మానలేదు కదా?" డాక్టరు అడిగాడు.

"ఒక్క పూట కూడా మానలేదండీ. చీజ్‌లో పెట్టి మింగించాను."

"ఏ చీజ్?"

చెప్పింది.

"ఒంట్లో నీరు తీసే మాత్రమ్మా అది. ఆ ఉప్పు మళ్లీ నీరు పట్టించింది."

"అన్నంలో చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదే!" అంది టైలరమ్మ. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

"పక్కన కూర్చోండి."

కూర్చున్నారు. తల నిమరడం తప్ప వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. సాయంత్రానికి కుక్క పోయింది.

దాన్ని దత్తత ఇచ్చిన షెల్టర్‌కు చెప్పడం ధర్మమని టైలరమ్మ ఫోన్ చేసింది.

"అయ్యో!" అంది అక్కడి మేనేజరమ్మ. "ఆ పెద్దాయనకు నేనెలా చెప్పనండీ?"

"ఏ పెద్దాయన?"

"కుక్కల్ని రానివ్వని గదిలోకి మారాల్సొచ్చి, దాన్ని మాకిచ్చి వెళ్లారు. దగ్గరికెళితే తన వెంట వచ్చేస్తుందని, రోడ్డు అవతల నుంచే చూసుకుంటానని ఒట్టేసి మీ అడ్రసు తీసుకున్నారు... అది కళ్లయినా తెరవనప్పుడు పాలు పట్టి బతికించింది ఆయనేనండీ."