పేరు రాసినావా పాపా?

శివజ్యోతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫిర్యాదుల పెట్టెలో వేసింది.

వెనక్కి తిరిగేసరికి కంబన్న. చేతిలో ప్రొఫెసర్ గారి టిఫిన్ క్యారియర్.



ఎవరూ ఉండరని చూసుకునే వచ్చింది. కర్నూలు ఎండలో మధ్యాహ్నం రెండింటికి యూనివర్సిటీలో కాకి కూడా కదలదు. కంబన్న మాత్రం కదిలాడు!

కంబన్న ఆఫీసు అటెండరు. గోడమీద పెట్టె, దాని కింద ఆయన స్టూలు, పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకి. హాస్టల్ అమ్మాయిలు ఆయనకు పెట్టిన పేరు 'ప్రొఫెసర్ గారి చెవి'.

ఊరికే పెట్టలేదు. పెట్టెలో పడిన కాగితాలతో ఆయన టీ పొయ్యి అంటించడం ఇద్దరు ముగ్గురు కళ్లారా చూశారు.

"ఏం పాపా, ఏం ఏసినావు?"

"ఏం లేదు."

"పేరు రాసినావా పాపా?"

శివజ్యోతికి ఒళ్లు మండింది.

"నా పేరుతో నీకేం పని?"

"అది కాదు పాపా. పేరు లేకుంటే..."

"పేరు తెలిస్తే పోయి ఆయప్ప చెవిలో ఊదల్ల, అంతే కదా! పో, అంటించుకో పో నీ టీ పొయ్యి!"

ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది.

తప్పు ఆ పిల్లది కాదు. హాస్టల్ గదిలో ఆమె స్నేహితురాలు రమ్యశ్రీ చదువు మానేసి ఊరికి పోవడానికి బట్టలు సర్దుకుంటోంది మరి.

రమ్యశ్రీది బద్వేలు. కిరాణా అంగడి వాళ్ల పిల్ల. నీడ పట్టున పెరిగింది. అలాంటిది మూడేళ్లు కోడుమూరు చేలల్లో ఎండకు మాడి, వేరుశనగ తెగులు మీద పరిశోధన చేసింది. ఆ పనంతా ప్రొఫెసర్ రాఘవేంద్రప్రసాద్ తన అల్లుడి పేరుతో అచ్చు వేయించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

అడిగితే, "నోరు తెరిస్తే నీ థీసిస్ మీద సంతకం పెట్టను" అన్నాడు.

శివజ్యోతికి కూడా ఆయనే గైడు. అందుకే ఫిర్యాదు కింద పేరు రాయలేదు.

"శనివారం బస్సెక్కుతా జ్యోతీ. అంగట్లో చింతపండు తూచుకుంటా బతుకుతాలే" అంది రమ్యశ్రీ. నవ్వబోయి ఏడ్చింది.

శుక్రవారం రమ్యశ్రీకి కబురొచ్చింది. నోటుపుస్తకాలన్నీ తీసుకుని ఫిర్యాదుల కమిటీ ముందుకు రమ్మని.

సాయంత్రం రమ్యశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఎవరో అర్జీ పెట్టినారంట జ్యోతీ! ఎవరని అడిగితే చెప్పలేదు."

శివజ్యోతి తలగడలో ముఖం దాచుకుని నవ్వుకుంది.

నెల తిరక్కుండా ప్రొఫెసర్ సస్పెండయ్యాడు. రమ్యశ్రీ పని రమ్యశ్రీ పేరుకే వచ్చింది. ఆ రోజు హాస్టల్లో ఉగ్గాని, బజ్జీలు కడుపు పట్టనన్ని తిన్నారు.

ఆ వారమే కంబన్నను ఊరవతల యూనివర్సిటీ తోటకు, మోటారు షెడ్డు కాపలాకి మార్చారు. పోను రాను పది మైళ్లు సైకిలు తొక్కాలి.

"ప్రొఫెసర్ పోయె, చెవి కూడా పాయె!" అని అమ్మాయిలంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది శివజ్యోతి.

ఒకరోజు హాస్టల్ గేటు దగ్గర కంబన్న సైకిలు దిగాడు. మనిషి నల్లబడి, చిక్కిపోయాడు.

"బాగుండావా పాపా? ఆ బద్వేలు పాప సదువు అయిపాయనా?"

"అయింది. నీ పుణ్యమేం లేదులే!"

"ఎవురి పుణ్యమైతే ఏంలే పాపా. అయింది, అంతే శాలు."

జేబులోంచి రెండు జామకాయలు తీశాడు. "తోటలోవి. శానా తియ్యగుండాయి."

ఆమె చెయ్యి చాపలేదు. ఆయన వాటిని గేటు గోడమీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు చూస్తే వాటికి చీమలు పట్టి ఉన్నాయి.

నాలుగేళ్లు గడిచాయి. శివజ్యోతి అదే యూనివర్సిటీలో లెక్చరరయింది. ఫిర్యాదుల కమిటీలో ఆమెనూ వేశారు.

మొదటి సమావేశం రోజు గుమాస్తా శ్రీనివాసులు పెట్టెలో కాగితాలు బల్లమీద పోసి రెండు కుప్పలు చేశాడు. చిన్న కుప్ప ఆమె ముందుకు జరిపాడు. పెద్ద కుప్ప బుట్టలోకి తోశాడు.

"అయ్యో, అవెందుకు పారేస్తాండారు?"

"అన్నీ ఆకాశరామన్న ఉత్తరాలు మేడమ్. పేరు లేకుంటే విచారణ లేదు. బయటపడకుండా కాల్చేయమని రూలు. ముందు ఆ పని కంబన్నది. టీ పొయ్యిలో పెడుతుండె."



"ఈ రూలు ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఇంతే మేడమ్."

"మరి రాఘవేంద్రప్రసాద్ గారి మీద వచ్చిందానికి పేరు యాడుండాది?"

"లేకుంటే ఎట్లా విచారిస్తారు మేడమ్? ఉంటాది, సూపిస్తా." శ్రీనివాసులు బీరువా తెరిచాడు.

"కంబన్న... ఇంకా తోటలోనే ఉండాడా?"

"యాడి కంబన్న మేడమ్! పోయిన ఎండాకాలం ఆ షెడ్డు కాడనే వడదెబ్బ తగిలి పాయె. ఈడికి మార్చమని ఒక్కనాడు నోరు తెరిచి అడగలేదు, పిచ్చి మారాజు."

దుమ్ము దులిపి ఫైలు ఆమె ముందు పెట్టాడు.

నాలుగు మడతల గీతలు అలాగే ఉన్నాయి. రాత శివజ్యోతిదే.

ఆమె భయపడి ఖాళీగా వదిలేసిన చోట మాత్రం, వంకరటింకర పెద్ద అక్షరాలతో, "ఈ అర్జీ నాది. కంబన్న, అటెండరు" అని ఉంది.