సిరాజుద్దీన్ బిళ్ల

"మొగిలీ, తలుపు తియ్యి! తొమ్మిది దాటింది. ఇయ్యాల గూడ నీ మేకు ఖాళీగున్నది."

మొగిలి కదల్లేదు. వారం కింద నేస్తం ఆగయ్యను కాటికి పంపి వచ్చినప్పటి నుంచి మంచమే దిక్కైంది. ఇద్దరూ ఒకే పడవలో ప్రాణహిత దాటి గోదావరిఖనికి బతకొచ్చారు. సొంతూరు సిరోంచలో తనను గుర్తుపట్టేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఇక్కడ నలభై ఏళ్లున్నా పరాయివాడే. ఇక ఎవరి కోసం లేవాలి?

తలుపు మోత ఆగలేదు. విసుగొచ్చి తీశాడు. ఎదురుగా సిరాజుద్దీన్.

సిరాజుద్దీన్‌ది బీదర్. అతనూ బొగ్గు గనిలో పని కోసం వచ్చినవాడే. భార్య మక్సూదా పోయాక ఒంటరి. గనిలో దిగిన మనిషి పైకొచ్చాడో లేదో మేకుకు తగిలించే అతని నంబరు బిళ్లను బట్టి తెలిసేది కదా, ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడే ముసలివాళ్లైన పద్దెనిమిది మందికి ఆ పద్ధతే పెట్టాడు; ఆగయ్య పోయాక పదిహేడు మంది మిగిలారు. రోజూ తొమ్మిదిలోగా ఎవరి బిళ్ల వాళ్లు మల్లక్క చాయ్ హోటల్ గోడకున్న మేకుకు తగిలించాలి. లేకపోతే వెతుక్కుంటూ ఇంటికొస్తారు.

"నన్ను ఇడిసిపెట్టు అన్నా. బతుకు మీద మనసు లేదు."

"సరే. నాదొక పని చెయ్యి." సిరాజుద్దీన్ తన బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాడు. "మోకాళ్లు సహకరిస్తలేవు. ఇయ్యాల్టి సంది నాది గూడ నువ్వే తగిలియ్యి."

"ఒకరి బిళ్ల ఒకరు ముట్టద్దని నువ్వే అంటివి గద?"

"అంటి. కని బిళ్ల లేకుంటె అందరొచ్చి తలుపు కొడ్తరు, నన్ను పండుకోనియ్యరు."

"మరి చాయ్‌కు రావా?"

"పొద్దుగాల పాలు గడపకే వస్తయి. ఇంట్లనే కాసుకుంట. మరిచిపోకు తమ్మీ."

మొగిలికి లోపల్లోపల నవ్వొచ్చింది. తనను మంచం మీంచి లేపడానికి ముసలోడు వేసిన ఎత్తు! అయినా మాటిచ్చాడు.

ఆ పూటే వెళ్లి రెండు బిళ్లలూ తగిలించాడు. మర్నాడు స్నానం చేసి మరీ వెళ్లాడు. మూడో రోజు మల్లక్క బలవంతంగా ఉప్మా తినిపించింది. నాలుగో రోజు నలుగురి మధ్య కూర్చుని ఆగయ్య ముచ్చట్లు చెబుతూ తనివితీరా ఏడ్చాడు. గుండె బరువు దిగింది.

మల్లక్క మేకులు లెక్కపెట్టి, "పదిహేడుకు పదిహేడు. అందరు సల్లగున్నరు," అంది.

నీ ఎత్తు పారింది అన్నా అని ముఖం మీదే చెప్పాలనిపించింది మొగిలికి. గ్లాసులో చాయ్ పోయించుకుని, తొణక్కుండా పట్టుకుని సిరాజుద్దీన్ ఇంటికి నడిచాడు.

గడప మీద మూడు పాల ప్యాకెట్లు పడి ఉన్నాయి.