ఎలుగుబంటి ఇంటికి పచ్చబిళ్ళ

ఎలుగుబంటి ఇల్లు కడుతోంది. గోడలు లేచాయి, తలుపు బిగించారు, కప్పు వెయ్యడమే తరువాయి. అడవికి మేలు చేసే ఇళ్ళకి తాబేలు తాత పచ్చబిళ్ళ ఇస్తున్నాడని సరిగ్గా అప్పుడు తెలిసింది. పక్కింటి కుందేలు వాకిట్లో చెట్టుకి అలాంటిదే వేలాడుతోంది. ఇంకేముంది, ఎలుగుకి అన్నం సహించలేదు. వెంటనే కబురు పెట్టింది.

తాబేలు వచ్చి చుట్టూ చూశాడు. “గాలి ఎటునుంచి వస్తుంది?”

“పడమటి నుంచి తాతా. దుమ్మొస్తుందని అటు కిటికీయే పెట్టలేదు.”

“వాన నీళ్ళు నిలిచే గుంట ఉండాలే?”

“దాన్ని పూడ్చే వంటిల్లు కట్టాం.”

“మరి వాకిట్లో నీడ?”

“పెద్ద మద్దిచెట్టు ఉండేది.”

“ఏమైంది?”

“తలుపైంది!” అంది ఎలుగు గర్వంగా. “ఇప్పుడేం చెయ్యాలో చెప్పు తాతా. గోడలకి ఆకుపచ్చ రంగు కొట్టించెయ్యనా?”

తాబేలు ఎండకి తాళలేక మెడ డిప్పలోకి లాక్కుని, లోపల్నుంచే అన్నాడు: “బిళ్ళ వాకిట్లో చెట్టుకే కడతాం నాయనా.”

“అయితే ఈ తలుపుకి కట్టు. ఇదీ ఆ చెట్టేగా!”

“అలాగే. అది చిగురేసిన రోజున కబురు పెట్టు, వచ్చి కడతాను.”