నవ్వనివాడు ఫెయిల్

"ఈ వీడియో చూసి నవ్వనివాడికి పాఠం అర్థం కానట్టే!"

సేఫ్టీ ఆఫీసర్ చైతన్య పెట్టిన రూలది.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ ట్రైనింగ్ గదిలో నేపాలీలు, బెంగాలీలు, కెన్యావాళ్ళు, మనవాళ్ళు. ఏ భాషలో చెప్పినా సగం మందికి ఎక్కదు. అందుకే మాటల్లేని ఆ వీడియో వేస్తాడు. ఆరేళ్ళుగా ఒక్కసారీ గురి తప్పలేదు.

తెర మీద మొహానికి పుట్టీ పూసుకుని, బొగ్గుతో మీసం దిద్దుకున్న మనిషి. హెల్మెట్ లేకుండా నడుస్తూ ఇనుప పైపుకు తల కొట్టుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేసి, క్షమించమని పైపుకే దణ్ణం పెట్టాడు.

గది గొల్లుమంది.

"అప్పట్ల ఏ లేబర్ క్యాంపుల జూసినా ఈయన వీడియోలే సార్. ఇప్పుడు పత్తా లేడు," అన్నాడు పేర్లు రాసుకునే ఒవైస్.

"ఎవరోగానీ మహానుభావుడయ్యా!" అన్నాడు చైతన్య.

అంతలో చివరి బెంచీలో ఒకాయన చైతన్య కంటబడ్డాడు. యాభై దాటిన మనిషి. నవ్వడం లేదు. అసలు తెర వంకే చూడటం లేదు. నవ్వేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"పెద్దాయనా, మీ పేరేంటి?"

"లింబాద్రి సార్. జగిత్యాల."

"వీడియో చూడకుండా ఎటు చూస్తున్నారు?"

"అదంతా నాకెరుకే సార్. ఆ వీడియోల..."

"తెలిస్తే నవ్వేవారు. ఒవైస్, ఫెయిల్ రాయి."

లింబాద్రి లేచి నిలబడ్డాడు.

"ఫెయిలయితే మా కంపెనీ ఇంటికి తోలేస్తది సార్. బిడ్డ నర్సింగ్ ఇంకో ఏడాదుంది."

"పెద్దమనిషి సార్, ఇడిసిపెట్టుండ్రి," గొణిగాడు ఒవైస్.

"తాతకు దగ్గులు నేర్పకు. రేపు ఆయన తల పగిలితే పూచీ ఎవరిది? లిస్టు పంపెయ్."

ఒవైస్ ఫోన్లోంచి లిస్టు ఆఫీసుకు పంపేశాడు.

బయట డ్రైవర్ "యల్లా, యల్లా!" అని తొందరపెడుతున్నాడు. బస్సులోని వాళ్ళు లింబాద్రిని జాలిగా చూస్తున్నారు.

ఎక్కబోతూ ఆయన బస్సు తలుపుకు తల కొట్టుకున్నాడు.

రెండడుగులు వెనక్కి వేశాడు. తలుపుకే దణ్ణం పెట్టాడు.

బస్సంతా గొల్లుమంది.

కిటికీలోంచి చూసిన చైతన్య ఉలిక్కిపడి అరిచాడు.

"ఒవైస్! ఆ ఫెయిల్ కొట్టెయ్!"

"ఒకసారి రాస్తే మార్చొద్దని రూల్ పెట్టింది మీరే గద సార్."

చైతన్య గేటు దాకా పరుగెత్తాడు.

ఆరేళ్ళుగా అందరినీ పాస్ చేయించిన ఆ పుట్టీ మొహం మనిషి, అప్పటికే ఫెయిలై బస్సులో వెళ్ళిపోయాడు.