ఐదు దిగని గీత

మొగల్తూరు పక్కన చేపల చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో ఆ రాత్రి దుర్గాశ్రీ ఒక్కతే ఉంది. ల్యాప్‌టాప్‌లో నీటి ఆక్సిజన్ గ్రాఫు చేపలకు సరిపడా ఐదుకు పైనే నిబ్బరంగా సాగుతోంది. చెరువులో సగం వాటా ఉన్న లోకనాథ్ బావ రాసిచ్చిన పైథాన్ ప్రోగ్రాం అది. "కంటికి రెప్పలా కాస్తుందే," అన్నాడు ఇస్తూ. ఆ మాట నమ్మే ఆమె రాత్రిళ్ళు టార్చి పట్టుకుని గట్టు చుట్టి రావడం మానేసింది.

షెడ్డులో లైటు వెలుగుతూనే ఉంది. బయట నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ల హోరు మాత్రం ఎప్పుడాగిందో తెలీదు. స్విచ్చి ఎన్నిసార్లు వేసినా అవి తిరగలేదు. ఆ నిశ్శబ్దంలో చప్, చప్ మని చప్పుడు. నీళ్ళలో ఊపిరాడక వేల బొచ్చె చేపలు నోళ్ళు పైకెత్తి గాలి మింగుతున్నాయి.

గ్రాఫు బిగుసుకుపోయిందేమోనని, మూసేసి మళ్ళీ గీయించింది. మళ్ళీ ఐదుకు పైనే. నీళ్ళలోంచి ఆక్సిజన్ కొలిచే సెన్సారు లాగి బల్ల మీద పెట్టింది. అయినా గీత ఐదు దిగలేదు.

ప్రోగ్రాం తెరిచి చదివింది. ఐదుకీ ఆరుకీ మధ్య ఏదో ఒక అంకె వేసుకుని గీయమని రాసుంది. అందులో సెన్సారు ఊసే లేదు.

ఫోను మోగింది. పొద్దున రాజమండ్రి వెళ్ళిన బావే.

"పడుకోలేదేంటే దుర్గా? సెన్సారు బల్ల మీద ఎందుకు పెట్టావు?"

ఆమె షెడ్డు తలుపు వైపు చూసింది. "ఎక్కడున్నావు బావా?"

ఫోనులోంచి చప్, చప్ మని అదే చప్పుడు. షెడ్డులోకి వినిపిస్తున్నదానికంటే చాలా దగ్గరగా.